నల్లమల ఘాటుపై రెండు బైసికిళ్లు

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారు ఎన్ని యేండ్లు బైసికిలు త్రొక్కినను కొండ యెక్కుట యనగా నేమో యెరుగరు. మన విజయవాడ సముద్రమట్టమునకు సుమారు 20 మీటర్ల యెత్తున నున్నది. ఇక్కడినుండి బందరు సముద్రతీరము సుమారు 70 కిలోమీటర్లు. అంత దూరమునకు నేల దిగునది యిరువది మీటర్లు మాత్రమే. బందరు కాలువలో నీరు తొందర లేక సాగుటకును, కాలువగట్టుపై పోవు మనకు మిట్టపల్లములు తెలియకుండుటకును ఇదియే కారణము. ఘాటు రోడ్డుపై నైనచో ఆ యిరువది మీటర్ల యెత్తును అరకిలోమీటరు లోపలనే యెక్కవలసివచ్చును.

డెల్టాలో బైసికిలు త్రొక్కువారికి కొండ లేదు గాని గాలి కలదు. మధ్యాహ్నము తిరిగి సముద్రపుగాలి లేచిన వెనుక బందరు వైపునకు పోయినవారికి ఆ సంగతి బాగుగా తెలియును. అయినను గాలి యెప్పుడో యొకప్పుడు తగ్గును; కొండ తగ్గదు.

2024 జనవరిలో, సంక్రాంతి సెలవులయందు, నేనును నా మిత్రుడొకరును విజయవాడనుండి శ్రీశైలమునకు బైసికిళ్లపై పోయితిమి. ఆయన గణితోపాధ్యాయులు, నాకంటె నాలుగేండ్లు పెద్ద. మేము తిరిగివచ్చిన పిమ్మట మా తరగతి బాలబాలికలు “కొండమీదికి సైకిలు ఎట్లెక్కినది మాస్టారూ?” అని పలుమారు లడిగిరి. ఆ ప్రశ్నకు జవాబుగా నీ వ్యాసమును వ్రాయుచున్నాను. మేము నేర్చినదానిలో సగము మా తప్పులవలననే నేర్చితిమి గనుక వానిని దాచను.

విజయవాడనుండి శ్రీశైలమునకు మా దారి సుమారు 260 కిలోమీటర్లు. మొదటిదినమున తెల్లవారుజామున ప్రకాశము బ్యారేజి దాటి, మంగళగిరి, గుంటూరు, నరసరావుపేటల మీదుగా సాయంకాలమునకు వినుకొండ చేరితిమి. రెండవదినమున త్రిపురాంతకము మీదుగా దోర్నాల చేరితిమి. ఈ రెండు దినముల దారియు మెట్టభూములలోనిది. మిరపచేలు, ప్రత్తిచేలు, అక్కడక్కడ చిన్న మిట్టలు తప్ప కష్టమేమియు లేదు. మూడవదినపు దారియే అసలు పరీక్ష. దోర్నాలనుండి శ్రీశైలమునకు సుమారు 50 కిలోమీటర్లు. ఇంచుమించు అంతయు నల్లమల యడవియే.

నల్లమలలు కృష్ణానదికిని పెన్నానదికిని నడుమ ఉత్తరదక్షిణములుగా వ్యాపించిన కొండలు. సగటున 500 మీటర్ల యెత్తు గలవి. ఈ యడవి పులుల రక్షణారణ్యము. ఘాటు రోడ్డుపై రాత్రి 9 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు బండ్లను పోనీయరు. కాబట్టి అక్కడ బైసికిలుపై పోవువాడు సూర్యునితో బయలుదేరి సూర్యునితోనే గమ్యము చేరవలయును. దారిలో దీపములు లేవు, దుకాణములు బహు తక్కువ, పెక్కుచోట్ల సెల్‌ఫోను పనిచేయదు. ఈ సంగతులు బయలుదేరుటకు ముందే మాకు తెలియును. తెలిసియు నేను చేసిన పొరపాటు ముందు చెప్పెదను.

ముందుగా యంత్రమును గూర్చి కొంత తెలిసికొందము. నేటి బైసికిలు రూపమును 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ ‘రోవరు’ అను పేర స్థిరపరచెను. 1888లో డన్‌లప్ గాలి నింపిన టైరును చేసెను. ఈ రెంటితో బైసికిలు సమభూమిని జయించినది. కొండను జయించుటకు మాత్రము గేరు కావలసివచ్చెను. ఫ్రాన్సు దేశమందు పాల్ ద వీవీ యను నాయన కొండదారులలో తిరుగుచు, పలు గేర్లున్న బైసికిలే మనుష్యునికి తగినదని జీవితమంతయు బోధించెను. పందెములను నడపువారు దానిని బలహీనుల సాధనమని యెంచిరి. 1910లోనే ఫ్రాన్సు దేశపు మహాపందెము పిరెనీసు పర్వతములమీదుగా సాగినను, పెడలు త్రొక్కుచునే గేరు మార్చుకొను సాధనమును ఆ పందెములో 1937 వరకు అనుమతింపలేదు.

గేరు చేయు పనిని ఒక చిన్న లెక్కతో చూపవచ్చును. సాధారణమైన నల్ల సైకిలుకు ముందరి పండ్లచక్రమున 44 పండ్లు, వెనుక 18 పండ్లు ఉండుట వాడుక. పెడలు ఒకమారు తిరిగినచో వెనుకచక్రము 44/18, అనగా సుమారు రెండున్నర చుట్లు తిరుగును. చక్రపు చుట్టుకొలత 220 సెంటీమీటర్ల వంతున బండి సుమారు 5 మీటర్ల 40 సెంటీమీటర్లు పోవును. సమభూమిపై ఇది లాభమే. నూరు మీటర్లకు 5 మీటర్ల వంతున లేచు దారిలో నైనచో, పెడలు ఒకమారు తిరుగునప్పటికి మనిషినీ, బండినీ, మూటనూ కలిపి 27 సెంటీమీటర్లు పైకెత్తవలెను. ముందు 28, వెనుక 32 పండ్లు గల గేరులో నైనచో ఒక్క త్రొక్కుడునకు బండి 2 మీటర్ల లోపే పోవును. ఎత్తవలసినది 10 సెంటీమీటర్ల లోపే. కొండ యెత్తు తగ్గదు, చేయవలసిన పని మొత్తము తగ్గదు. ఆ పనిని చిన్నచిన్న ముక్కలు చేసి మనకు అందిచ్చుటయే గేరు చేయు ఉపకారము. బస్తా ధాన్యమును ఒక్కమారు మోయలేని బాలుడు దోసిళ్లతో సాయంకాలమునకు మోయగలడు గదా!

ప్రయాణమునకు ముందు మూడు మాసములు ఆదివారములు తప్ప తీరికయైన ఉదయములలో కొండపల్లి కోట దారిలో అభ్యాసము చేసితిమి. మొదటిదినమున నేను పెడళ్లపై నిలువబడి బలమంతయు చూపి రెండవ మలుపు దగ్గరనే రొప్పుచు దిగిపోతిని. నా మిత్రులు కూర్చుండియే, ఏదో మాటలాడుచు మెల్లగా నన్ను దాటి పోయిరి. అప్పుడు మాకు మొదటి సూత్రము తెలిసినది: మాటలాడుచు ఎక్కగలిగిన వేగమే సరియైన వేగము. మాట తెగినదనగా ఊపిరి చాలలేదని యర్థము. తోడుగా మనిషి యున్నచో ఈ కొలత సులభము. తోడులేనివాడు ఎవరితో మాటలాడును?

ఇంత తెలిసియు, మూడవదినమున నేను దానిని మరచితిని.

ఆ యుదయమున దోర్నాలలో మంచు దట్టముగా నుండెను. గేటు తెరువగానే అడవిలో ప్రవేశించితిమి. దారికి రెండు ప్రక్కల టేకు, నల్లమద్ది, తునికిచెట్లు, వెదురు గుబురులు. చలిగాలిలో దేహము తేలికగా తోచెను. ఆ ప్రయాణమునకై నేను కొనిన బైసికిలు క్రొత్తది. ముందు మూడు, వెనుక ఎనిమిది పండ్లచక్రములు గలది. నా మిత్రులది పాతది. ముందొకటే చక్రము, వెనుక మాత్రము కొన్ని గేర్లు. ఘాటు మొదలైన అరగంటకు వారు వెనుకబడిరి. పిలిచితిని, “మీరు పొండి, నేను వచ్చెదను” అనిరి. నేను పోతిని. మలుపు తరువాత మలుపు దాటుచుండ నాకు గర్వము కలిగినది. నలుబదియైదేండ్ల వయస్సున ఇంత బలమున్నదా యని నాలో నేనే సంతోషించితిని.

ఒక మిట్టపై ఆగి కనిపెట్టుకొని యుంటిని. పది నిమిషములు గడచెను, ఇరువది గడచెను. ఒక బస్సును, రెండు కార్లును పోయినవి. వారు రాలేదు. ఫోను చేయబోగా సంకేతము లేదు. అప్పుడు నా వెనుక కట్టిన సంచిని చూచి గుండె జల్లుమన్నది. గాలిపంపు, చెయిను బాగుచేయు పనిముట్లు, పంక్చరు సామాను, ఉప్పు పంచదార పొట్లములు, మిగిలిన నీళ్లలో ముప్పాతిక వంతు నా సంచిలోనే యుండెను. క్రొత్త బండి గనుక బరువు నేనే మోసెదనని ముందురాత్రి మంచితనముగా వానిని తీసికొంటిని. మంచితనముతో తీసికొన్న బరువును తీసికొని పారిపోయితిని.

బండి త్రిప్పి దిగితిని. మూడు కిలోమీటర్లు క్రిందుగా ఒక కల్వర్టు గోడపై వారు కూర్చుండి యుండిరి. బండి ప్రక్కన వాలియున్నది. చెయిను తెగి నేలపై పడియున్నది. తొడకండరము పట్టివేసి కాలు చాపలేక యుండిరి. ముఖము పాలిపోయి యుండెను. వారి సీసాలో నీళ్లు లేవు. గోడకు ఆవలివైపున కోతులు గుంపుగా కూర్చుండి వారి సంచివంకనే చూచుచుండెను. నన్ను చూచి వారు కోపింపలేదు. “మాస్టారూ, చెయిను తెగినది. పనిముట్లు మీ దగ్గర నున్నవి” అని మాత్ర మనిరి. ఆ మాటకు నేను చెప్పదగిన జవాబు లేదు.

నీళ్లలో ఉప్పు, పంచదార కలిపి యిచ్చితిని. దీని కొలత అందరును ఎరిగియుండవలెను: లీటరు మంచినీటికి ఆరు చిన్న చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలువవలెను. చెమటతో నీరే గాక ఉప్పును పోవును. ఉత్త నీటినే అతిగా త్రాగినచో రక్తమందలి ఉప్పు పలుచనై తలనొప్పి, వికారము, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కూడ కలుగును. తొడను మెల్లగా సాగదీసి నిమిరితిని. తెగిన లంకెను తీసివేసి చెయినును మరల కలిపితిని. ఈ పనికి అరగంట పట్టినది.

అంతలో వారు “మాస్టారూ, మీ చిన్న గేరు పండ్లు లెక్కపెట్టి చూడుడు, తరువాత నావియు చూడుడు” అనిరి. లెక్కపెట్టితిని. నావి ముందు 28, వెనుక 32. వారివి ముందు 42, వెనుక పెద్ద చక్రమునకు 28. “చేయుడు లెక్క” అనిరి. నా బండి ఒక్క త్రొక్కుడునకు ఎత్తునది 10 సెంటీమీటర్ల లోపు. వారి బండి ఎత్తునది 16 సెంటీమీటర్లకు పైన. ఒక్కొక్క త్రొక్కుడునకు నేను పది పాళ్లు పనిచేయునప్పుడు వారు పదునేడు పాళ్లు చేయుచుండిరి. చిన్న గేరు లేనందున మెల్లగా పోవుటకును వీలులేదు. నిలువబడి త్రొక్కవలసినదే, లేదా దిగవలసినదే. అట్లు నిలువబడి త్రొక్కుచుండగనే పాత చెయిను తెగినది. నేను నా బలమనుకొన్నది నా వెనుకచక్రమందలి పండ్ల సంఖ్య. వారి బలహీనత యనుకొన్నది నాకంటె అధికమైన శ్రమ.

అక్కడ రెండు నియమములు చేసికొంటిమి. మెల్లగా పోవువారు ముందు, వేగముగా పోవువారు వెనుక. రెండవది, ప్రతి రెండవ కిలోమీటరు రాయి దగ్గర బండ్లు మార్చుకొనవలెను. మా యిద్దరి పొడవు ఇంచుమించు ఒకటియే గనుక సీటు సవరింపవలసిన పని లేకపోయెను. పనిముట్లను, నీళ్లను చెరిసగము పంచుకొంటిమి. మొదట పాత బండిని నేను తీసికొంటిని. రెండు కిలోమీటర్లు ముగియక మునుపే ఉదయమంతయు వారు పడిన పాటు నా మోకాళ్లకు తెలిసివచ్చెను.

ఆహారమును గూర్చియు ఒక లెక్క కలదు. మనిషియు బండియు మూటయు కలిసి 90 కిలోలైనచో, 100 మీటర్లు పైకెక్కుటకు చేయవలసిన పని సుమారు 21 కెలోరీలు. మన దేహము తిన్నదానిలో ఇంచుమించు నాలుగవవంతు మాత్రమే పనిగా మార్చగలదు. కాబట్టి సుమారు 85 కెలోరీలు ఖర్చగును. అది ఒక అరటిపండుతో ఇంచుమించు సమానము. నూరు మీటర్ల యెత్తునకు ఒక అరటిపండని జ్ఞాపకముంచుకొనవచ్చును. మిగిలిన మూడువంతులు వేడియై పోవును. ఆ వేడిని తీయుటకే చెమట. అందువలన చలిదినమున కూడ కొండదారిలో చొక్కా తడియును. ఒక్కమారు కడుపునిండ తినుటకంటె గంటకు రెండుమారులు కొంచెముగా తినుట మేలు. అరటిపండ్లను బయటికి కనబడ కట్టరాదు. మా రెండు పండ్లను కోతులు పట్టుకొనిపోయి ఆ పాఠమును నేర్పినవి.

తుమ్మలబైలు దాటి, ఎండ తీవ్రమైన వెనుక, నిట్రముగా నున్నచోట్ల దిగి నడిచితిమి. బైసికిలు నడిపించుకొనిపోవుట సిగ్గుపడవలసిన పని కాదు. మూడు గంటలు దాటినప్పుడు శిఖరము చేరితిమి. ఈ స్థలము సముద్రమట్టమునకు సుమారు 2,830 అడుగుల యెత్తున నున్నదందురు. అక్కడినుండి కొండలపై కొండలు నీలముగా కనబడుచుండెను. మేమిద్దరమును చాలసేపు మాటలాడలేదు. తరువాత దారి దిగుడు. చీకటి పడకమునుపే శ్రీశైలమున ఒక సత్రము చేరితిమి.

మరునాడు బస్సులో దిగి కృష్ణను చూచితిమి. మన వాకిళ్లలో బందరు కాలువగా, ఏలూరు కాలువగా మెల్లగా పారు నీరు అక్కడ నిటారైన రాతిగోడల నడుమ లోతుగా నున్నది. 145 మీటర్ల యెత్తుగల ఆనకట్ట ఆ లోయకు అడ్డముగా నిలిచియున్నది. 1963లో దానికి శంకుస్థాపన జరిగెను. మనవద్ద 1855లో ముగిసిన పాత ఆనకట్టయు, దానికి బదులుగా 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజియు నదిని కాలువలలోనికి మరలించుటకే. ఎత్తు వానికి అవసరము లేదు. కొండలలో నీటిని నిలుపవలెను, సమభూమిలో పంచవలెను. మూడు దినములు కాళ్లతో కొలిచినందున ఈ భేదము నాకు స్పష్టమైనది. ఇరువదియేండ్లుగా పటముపై చూపుచున్నప్పుడు ఇంత స్పష్టముగా లేదు.

తిరుగుప్రయాణమున దిగుడు సులభమని తలంపవద్దు. ఎక్కునప్పుడు కష్టము, దిగునప్పుడు అపాయము. 90 కిలోల బరువు 100 మీటర్లు దిగునప్పుడు విడుదలయగు శక్తి పావులీటరు చన్నీటిని మరుగువరకు కాచుటకు చాలును. అందులో కొంత గాలి తీసికొనును. తక్కినదంతయు బ్రేకు రబ్బర్లకును చక్రపు రిమ్ములకును పోవును. బ్రేకును విడువక పట్టినచో రిమ్ము వేడెక్కి ట్యూబు ప్రేలవచ్చును. కాబట్టి మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపులో వదలి, ముందు వెనుక బ్రేకులను రెంటిని వాడి, నడుమనడుమ ఆగి రిమ్ములను చల్లారనీయవలెను. మేము మూడుమారు లాగితిమి. దిగునప్పుడును మెల్లగా పోవువారే ముందు.

దోర్నాలనుండి మార్కాపురము చేరి, మార్కాపురము రోడ్డు స్టేషనులో బైసికిళ్లను సామానుపెట్టెలో వేయించి రైలులో ఇంటికి వచ్చితిమి. మీ తాతలు అక్షరములు దిద్దిన పలకలు ఆ మార్కాపురపు రాతిగనులవే. కాళ్లు ఇక త్రొక్కలేవని తెలిసినప్పుడు రైలెక్కుటయు వివేకమే.

బొంబాయి యువకులు ఆదీ హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూమ్‌గారా అనువారు 1923లో బయలుదేరి, 1928లో భూమిని బైసికిళ్లపై చుట్టి తిరిగివచ్చిరి. వారు పోయినది సుమారు 71,000 కిలోమీటర్లు. దానియెదుట మా 260 కిలోమీటర్లు చెప్పదగినవి కావు. కాని నాలుగేండ్లకు పైగా ముగ్గురును విడిపోక యుండుట యెట్టి పనియో, ఒక్క ఉదయము మిత్రుని విడిచిపోయిన నాకు ఇప్పుడు కొంత తెలియును.

మీలో ఎవరికైన ఉత్సాహము కలిగినచో ముందు పెద్దవారి తోడుతో కొండపల్లి దారిని ప్రయత్నింపుడు. బయలుదేరుటకు ముందు తోడివాని బండి పండ్లు లెక్కపెట్టుడు. అతడు వెనుకబడినప్పుడు అతని కాళ్లను తప్పుపట్టక, అతడు మోయుచున్నదెంతో లెక్క చూడుడు. తరగతిలో వెనుకబడిన బాలునిగూర్చియు నేనిప్పుడు ముందీ లెక్కయే చేయుచున్నాను. నా మిత్రులు మాత్రము ఆ పండ్ల లెక్కను తమ తరగతి అర్ధసంవత్సర పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగా వేసిరట.